ఐదు లెక్కపెట్టేలోపు

(పదకొండో భాగం)

పోయిన వారం మీరు నన్ను ఐస్ హాలు వెనక నడవాలో, స్వెట్టర్ కింద నా కూతురి మాస్కు దాచుకుని, ఏడో నెల గర్భిణిలా నిలబెట్టి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ అలాగే నిలబడి ఉన్నాను. నాకు యాభై రెండేళ్ళు కాబట్టి ఆ కడుపుని ఎవరూ నమ్మరని నాకూ తెలుసు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. మా ఊరు కల్లియోరంతలో ప్రపంచ రింగెట్ పోటీలు జరుగుతున్నాయి. రింగెట్ అంటే ఐసు మీద స్కేట్లతో జారుతూ, కర్రలతో రబ్బరు రింగును గోల్లోకి కొట్టే ఆట. పెద్దల జట్లు, జూనియర్ల జట్లు, అందరూ ఒకే హాల్లో, ఒకే నడవాల్లో, ఒకే కాఫీ డబ్బా చుట్టూ. మా ఫిన్లాండ్ జూనియర్లు కెనడా మీద ఒక ఆట గెలిచారు, ఒకటి ఓడారు. తేల్చే మూడోది ఈ రోజు, శనివారం, మధ్యాహ్నం రెండింటికి. మా గోలీ, అంటే గోలు కాసేది, నా కూతురు పిహ్లా. పంతొమ్మిదేళ్ళు. జట్టు బట్టలు ఉతికే పని నాది, జీతం లేదు, బిరుదు ఉంది.

గురువారం ప్రాక్టీసులో పిహ్లా తల గోలు స్తంభానికి కొట్టుకుంది. ఆరిన జెర్సీలు మోసుకెళ్తూ నేనొక్కదాన్నే చూశాను. ఆ సాయంత్రం ఇంట్లో సౌనాలో, కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసుకునే ఆవిరి గదిలో, కూర్చున్నప్పుడు ఎవరికీ చెప్పనని నాచేత మాట తీసుకుంది. సౌనాలో అన్న మాట సౌనా గడప దాటకూడదు. మా దేశంలో చట్టాలు చాలానే ఉన్నాయి గానీ ఇది వాటన్నిటికన్నా పాతది.

శుక్రవారం ఆటలో ఆమె రెండుసార్లు ఐదు సెకన్లు దాటనిచ్చింది. రింగును ఆపిన గోలీ ఐదు సెకన్లలో దాన్ని తన జట్టులో ఎవరికో ఒకరికి విసిరేయాలి. లేకపోతే రింగు ఎదుటివాళ్ళది. ఆ ఐదు లెక్కపెట్టడం పిహ్లాకి ఏడేళ్ళప్పుడు నేను వంటింట్లో బంగాళాదుంపలు విసిరి నేర్పాను. పన్నెండేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. ఆమె రింగు పట్టుకోగానే మా హాలు జనం కూడా గొంతెత్తి ఐదు లెక్కపెడతారు, అదో సరదా. శుక్రవారం రెండుసార్లు జనం ఐదు అనేశారు, రింగు ఆమె చేతిలోనే ఉండిపోయింది. జనం నవ్వారు. నేను నవ్వలేదు. ఈ పొద్దున కాఫీ తాగడానికి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని దిగింది. నవంబరులో మా ఊళ్ళో నల్ల కళ్ళద్దాలు పెట్టుకునేది రెండే రకాల మనుషులు. కంటి ఆపరేషన్ అయినవాళ్ళు, అబద్ధమాడేవాళ్ళు.

చెప్పలేను. ఊరుకోలేను. అందుకని దొంగతనం చేశాను. మాస్కు లేని గోలీని ఏ రిఫరీ ఐసు మీదికి రానివ్వడు కదా.

*

మాస్కు దాచడానికి నేను ఎంచుకున్నది నడవా చివర ఉన్న ఆరబెట్టే గది. తడిసిన సామానంతా అక్కడ వేలాడుతుంది. గాలి యంత్రం పగలూ రేయీ వేడిగాలి కొడుతుంది. వాసన సంగతి నేను చెప్పను. నలభై మంది ఆడపిల్లలు వారం రోజులు చెమటోడ్చిన చేతితొడుగుల్ని మీరే ఊహించుకోండి, తర్వాత అన్నానికి లేవండి.

ఆ గది తలుపుకు లోపలివైపు పిడి లేదు. మూడేళ్ళ కిందట ఊడిపోయింది. బాగుచేయించాలని మూడు వార్షిక సమావేశాల్లో తీర్మానం చేశాం, మూడుసార్లూ ఏకగ్రీవంగా. ఈలోగా తలుపు మూసుకుపోకుండా దాని కింద ఒక పాత నీలం రింగు ఇరికించి పెట్టాం. దాన్ని కదపకూడదని మా ఊళ్ళో ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు.

మాస్కును పై అరలో పాత ఛాతీ కవచాల వెనక్కి తోసి, ఇటు తిరిగేసరికి గుమ్మంలో కైసు.

కైసు జూనియర్ల కోచ్. ఒకప్పుడు నేను గోలీగా ఆడిన జట్టుకి కెప్టెన్. జాతీయ జట్టు కోటు వేసుకుంది, బొత్తాలు మెడదాకా. మంచి కోటు.

“మాస్కు ఇటివ్వు,” అంది.

“ఏ మాస్కు?”

“హెల్కా, నీకు అబద్ధం చెప్పడం రాదే. ముప్పై ఐదేళ్ళుగా చూస్తున్నాను. అబద్ధం చెప్పేటప్పుడు తువాళ్ళు మడతపెడతావు.”

నా చేతుల్లోకి చూసుకున్నాను. తువాలు నాలుగు మడతలై ఉంది.

“మడతపెట్టడం నా పనే కదా.”

“తడి తువాళ్ళా?”

తువాలుని గబగబా విప్పేశాను. 

“అక్కడ నీ కూతురు బ్యాగులన్నీ బోర్లించి వెతుకుతోంది. కెనడా వాళ్ళు తీశారని ఒకత్తి, దయ్యం తీసిందని ఒకత్తి. ఇంకో పావుగంటలో వార్మప్. నువ్వు నడవాలో కడుపు పట్టుకుని నడవడం నేను చూశాను. ఈ వయసులో నీకు పుట్టబోయేది ఏంటో కనుక్కుందామని వచ్చాను.”

అంటూ లోపలికి అడుగు పెట్టింది. అప్పుడు జరిగింది అది.

మా ఆటలో ఆరేళ్ళ పిల్లలకి స్కేట్లు తొడగడం కన్నా ముందు నేర్పే పాఠం ఒకటుంది. నేల మీద రింగు కనిపిస్తే వంగి తీయాలి. ఎవరైనా దాని మీద కాలు వేస్తే ఎముక విరుగుతుంది. ఆ పాఠం ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ నేర్పింది కైసే. ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి, నోరు నన్నే తిడుతోంది, చెయ్యి మాత్రం తన పాటికి తాను కిందికి వెళ్ళి, తలుపు కింది రింగును లాగి, నడుముతో పాటు పైకి వచ్చింది.

వెనకాల తలుపు మర్యాదగా మూసుకుంది. టక్.

“కైసూ, నీ చేతిలో ఏంటది?”

చూసుకుంది. “రింగు.”

“ఎక్కడిది?”

ఆమె రింగు వంక చూసింది, తలుపు వంక చూసింది, మళ్ళీ రింగు వంక చూసింది. పాపం, తెలివైన మనిషి.

“అయ్యో,” అంది.

*

పది నిమిషాలు కొట్టాం. అరిచాం. కైసు కాలితో తన్నింది. బయట హాల్లో పాటలు మోగుతున్నాయి.

“పాటకీ పాటకీ మధ్య గట్టిగా కొడదాం,” అంది కైసు.

“మధ్య ఉండదు. ఆ పాటలన్నీ వరస కట్టింది మా ఆయన. ఖాళీ ఇస్తే జనం చల్లబడతారని ఒకదానికొకటి అతికించాడు. నెల రోజులు కూర్చుని చేశాడు.”

“ఆర్నో ఎప్పుడూ ఇంతే. పనికొచ్చే పనొక్కటీ చెయ్యడు, చేసిందేమో ఇంత బాగా చేస్తాడు. నీ ఫోను?”

“కోటు జేబులో. కోటు క్యాంటీన్లో. నీది?”

“నోట్‌బుక్కు మీద పెట్టి వచ్చాను, బల్ల మీద. నిమిషంలో వస్తానని చెప్పి మరీ వచ్చాను.” తల పట్టుకుంది. “రెండో కోచ్ ఏమనుకుంటాడో తెలుసా? నేను రిఫరీలతో మాట్లాడుతున్నాననుకుంటాడు. ఆట మొదలైనా అదే అనుకుంటాడు. మంచివాడు, ఏదైనా అనుకుంటూనే ఉంటాడు.”

నిజం చెప్పాలంటే నాకు లోలోపల హాయిగానే ఉంది. మేమిద్దరం బందీలం, మాస్కు కూడా బందీయే. రెండు దాటేదాకా ఆ తలుపు అలాగే ఉంటే గోలులో సెన్ని నిలబడుతుంది. సెన్ని మా రెండో గోలీ. పదిహేడేళ్ళు, మంచి పిల్ల, కాలు కాస్త నెమ్మది. సెన్ని నిలబడితే మేం ఓడతాం. ఓడితే ఏం, నా కూతురి తల నా కూతురి మెడ మీద ఉంటుంది. ఇంత తేలిగ్గా దేవుడు నా పక్షాన ఉంటాడని నేను అనుకోలేదు. అనుకోకపోవడమే మంచిదైంది.

గోడ మీది థర్మామీటరు నలభై ఎనిమిది చూపిస్తోంది. కైసు జాతీయ కోటు విప్పి, లెక్కగా మడిచి, కవచాల మీద పెట్టింది. తర్వాత స్వెట్టరు. తర్వాత చొక్కా. నేనూ అంతే. ఇద్దరం బనీన్ల మీద, బోర్లించిన ప్లాస్టిక్ పెట్టెల మీద కూర్చున్నాం. ఎత్తు పెట్టె ఆమె తీసుకుంది. సౌనాలో కూడా ఎప్పుడూ పై మెట్టు ఆమెదే.

“ఎందుకు దాచావో చెప్పొద్దు,” అంది.

“నేను చెప్పబోతున్నానన్నానా?”

“అనకముందే చెప్తున్నాను. నువ్వు చెప్తే నాకు తెలుస్తుంది. తెలిస్తే ఆపాలి. కోచ్‌కి తెలిస్తే ఆపి తీరాలని సంతకం పెట్టాను. తెలియకపోతే, నిన్న ఆట అయ్యాక పరీక్ష పెట్టి డాక్టరు ఇచ్చిన కాగితం చాలు.”

“అంటే నీకు తెలుసన్నమాట.”

“నాకు తెలీదు! తెలియకుండా ఉండడానికి రెండ్రోజుల్నుంచీ ఎంత కష్టపడుతున్నానో నీకేం తెలుసే? నిన్న నీ కూతురు నా ఎదురుగా గోడ పట్టుకుని బూట్లు తొడుక్కుంటోంది. నేను కిటికీలోంచి పార్కింగ్ చూశాను. పావుగంట చూశాను. ఏముంది అందులో చూడ్డానికి? మంచు, కార్లు.”

 రింగు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. గాజులా మణికట్టు దాకా తోస్తోంది, తీస్తోంది.

“ఇరవై ఏళ్ళకి ఒకసారి మన ఊళ్ళో పోటీ,” అంది. “నాకు ఇదే ఆఖరు. వచ్చే ఏడు ఎవరో కుర్రదాన్ని తెస్తారు, లాప్‌టాప్ పట్టుకుని వస్తుంది. ఒక్క ఆటే. ఒక్క గంట. నేను అంత చెడ్డదాన్నా?”

“కాదు.”

“మరి?”

“మరేం లేదు. గురువారం నాడు...”

“ఆగు!” రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. రింగు ఒక చెవికి దుద్దులా వేలాడింది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. తర్వాత ఆమె ముఖంలో ఏదో మెరిసింది. ఆ మెరుపు నాకు తెలుసు. కెప్టెన్‌గా ఉన్నప్పుడు కూడా రిఫరీని బురిడీ కొట్టించే ముందు అలాగే మెరిసేది.

“ఇక్కడ వేడెంత?” అంది.

“నలభై తొమ్మిది.”

“ఇద్దరం బనీన్ల మీద ఉన్నాం. చెమటలు కారుతున్నాయి. నేను పైన, నువ్వు కింద. ఇది సౌనాయే. సౌనాలో అన్నది సౌనాలోనే ఉంటుంది. ఇప్పుడు చెప్పు. వింటాను. బయటికి వెళ్ళాక నేనేం వినలేదు.”

చూశారా ఎంత అందమైన బోనో. చెప్పొచ్చు, కానీ చెప్పి లాభం లేదు. ఆమె వింటుంది, కానీ విన్నందుకు ఏమీ చెయ్యక్కర్లేదు. మా ఇద్దరికీ మనసు తేలికవుతుంది, పిహ్లా ఐసు మీదికి వెళ్తుంది.

“రాళ్ళేవి?” అన్నాను.

“ఏం రాళ్ళు?”

“నీళ్ళు పోసే రాళ్ళు. రాళ్ళు లేనిది సౌనా ఎలా అవుతుంది? ఇది బట్టలారేసుకునే గది.”

“రాళ్ళు లేకపోతే ఏం పోయింది?”

“ఇలాగే వదిలేస్తే రేపు బేకరీని కూడా సౌనా అంటావు.”

“హెల్కా!”

“అరవకు. అసలు పిహ్లా సంగతి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. దానికి మాటిచ్చాను. అసలైన సౌనాలో, రాళ్ళున్నదాంట్లో.” తువాలుతో ముఖం తుడుచుకున్నాను. “నా సంగతి చెప్తాను. అది నాది. దాని మీద ఎవరికీ మాటివ్వలేదు.”

*

హాలు ముందు గదిలో ఒక ఫొటో ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటిది. ఐసు మీద అడ్డంగా పడిపోయిన ఒక గోలీ, ఎత్తిన చేతితొడుగులో రింగు. ఆఖరి నిమిషంలో కెనడా రింగును ఆపి మాకు బంగారు పతకం తెచ్చిన గోలీ. ఆ గోలీని నేనే. క్యాంటీన్లో ఏలకుల బన్నులమ్మేదీ నేనే, కొనుక్కునే ప్రతి పిల్లకీ ఆ కథ చెప్పడం నాకు అలవాటు. ఎడమవైపు నుంచి ఎలా వచ్చింది, నేను ఎలా దూకాను, జనం ఎలా లేచారు. బన్ను కన్నా కథ బాగుంటుందని పేరు.

“ఆ రింగు గుర్తుంది కదూ నీకు?” అన్నాను.

“గుర్తుండకేం? నేను పది గజాల దూరంలో ఉన్నాను.”

“నాకు లేదు.”

కైసు నా వంక చూసింది.

“ఆ రోజు స్కేట్ల తాళ్ళు కట్టుకోవడం గుర్తుంది. తర్వాత మర్నాడు మా అమ్మ వంటింట్లో బీట్‌రూట్ సూప్ తాగుతుండడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. ఆట లేదు, పతకం లేదు, ఎవరో నన్ను ఎత్తుకున్నారట, అదీ లేదు. నేను చెప్పే కథంతా పేపర్లో చదివింది. కొంత నా పెళ్ళిలో నువ్వు మాట్లాడావు చూడు, అందులోంచి తీసుకున్నాను. ఎడమవైపు నుంచి వచ్చిందని నువ్వే అన్నావు.”

యంత్రం వేడిగాలి కొడుతోంది. పైన వేలాడుతున్న చేతితొడుగులు మమ్మల్ని ఆశీర్వదిస్తున్నట్టు ఊగుతున్నాయి.

“అంతకు ముందు రోజు నా తలకి మోకాలు తగిలింది. ఎవరికీ చెప్పలేదు,” అన్నాను. “ఆ తర్వాత రెండేళ్ళు పేజీ చదివితే కిందికొచ్చేసరికి పైది పోయేది. యూనివర్సిటీ చదువు ఆలస్యంగా పూర్తి చేశాను. పూర్తి చేసి లెక్కల టీచరుగా చేరాను, పదకొండు రోజులు చేశాను. క్లాసులో ట్యూబులైట్లు చేసే చప్పుడు నువ్వెప్పుడైనా విన్నావా? ఎవరూ వినరు. నేను పదకొండు రోజులు అదే విన్నాను. పిల్లలేం అడిగారో వినపడలేదు. పన్నెండో రోజు వెళ్ళలేదు. అప్పటికి పిహ్లా కడుపులో ఉంది. పిల్ల కోసం ఇంట్లో ఉండిపోయింది అనుకున్నారు అందరూ. ఎంత మంచి తల్లి అన్నారు. నేనూ కాదనలేదు. ఇంట్లో ఉండడం నాకు ఇష్టమే కైసూ, అబద్ధం ఎందుకు. కానీ అది నేను ఎంచుకున్నది కాదు. నాకు మిగిలింది.”

ఇదంతా ఆర్నోకి కూడా తెలియదు. చెప్పాక చూసుకుంటే నా చేతిలో తువాలుకి ఒక్క మడత కూడా లేదు.

కైసు రింగును మళ్ళీ మణికట్టుకి తొడుక్కుంది.

“నాకు తెలుసు,” అంది.

“ఏం తెలుసు?”

“రెండో విరామంలో నువ్వు నన్ను స్కోరు ఎంత అని అడిగావు. రెండు రెండు అన్నాను. తాళ్ళు కట్టుకుంటూ మళ్ళీ అడిగావు. రెండు రెండు అన్నాను. నీళ్ళు తాగి మళ్ళీ అడిగావు.”

“ఎన్నిసార్లు?”

“నాలుగు. నాలుగోసారి నీ స్కేటు తాళ్ళు నేను కట్టాను, నీ వేళ్ళకి ముడి తెలియడం లేదు. అప్పుడు కోచ్ వచ్చి, హెల్కా బాగానే ఉందా, నువ్వు కెప్టెన్‌వి కదా చెప్పు అన్నాడు.” నుదుటి మీది చెమట తుడుచుకోలేదు, కారనిచ్చింది. “బ్రహ్మాండంగా ఉంది అన్నాను. ఆ ఫొటో కింద నడిచిన ప్రతిసారీ... అందుకే నేను పక్క తలుపులోంచి వస్తాను. ఎప్పుడూ గమనించలేదా?”

గమనించాను. పార్కింగుకి దగ్గరని అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు అలాగే అనుకున్నాను. నాకు కోపం రావలసింది. వెతికితే దొరికింది కూడా, కానీ ఆ వేడిలో దాన్ని పట్టుకోవడానికి ఓపిక లేదు. పక్కన పెట్టాను, తర్వాత చూసుకోవచ్చని.

అప్పుడే పాటలు ఆగిపోయాయి. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమంటే మేమిద్దరం తలుపు మీద పడి కొట్టబోయాం. కొట్టబోయి ఆగాం. గోడల్లోంచి మా జాతీయ గీతం మొదలైంది. మరేం చేస్తాం. ఇద్దరం లేచి, బనీన్ల మీద, చేతులు కిందికి చాచి, ముక్కు దగ్గర వేలాడుతున్న తడి మేజోళ్ళని పక్కకి తొయ్యకుండా, నిటారుగా నిలబడ్డాం. మేం దొంగలమైతే అయ్యాం గానీ పద్ధతి లేనివాళ్ళం కాదు.

గీతం అయిపోయేసరికి కైసు ముఖం మారిపోయింది. పై అరలోకి చెయ్యి పెట్టి పిహ్లా మాస్కు తీసింది. నేను అడ్డం పడలేదు.

“రాళ్ళు లేవు,” అంది.

“ఏంటి?”

“నువ్వన్నదే నిజం. రాళ్ళు లేవు. ఇది సౌనా కాదు.” మాస్కు చంకలో పెట్టుకుంది. “ఇప్పుడు నేను అడుగుతాను. నువ్వు చెప్పొద్దు, నీ మాట నీ దగ్గరే ఉంచుకో. నేను అన్నది తప్పయితే తువాలు మడతపెట్టు. గురువారం పిహ్లా తలకి దెబ్బ తగిలింది.”

తువాలు నా ఒళ్ళో ఉంది. ముట్టుకోలేదు.

“ఆగస్టులో అందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టాం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎన్ని మార్కులు వచ్చాయో రాసి ఉంచుకుంటే, దెబ్బ తగిలాక మళ్ళీ పెట్టి పోల్చి చూడొచ్చని. అందులో జట్టు మొత్తం మీద తక్కువ మార్కులు నీ కూతురివి. బడిలో లెక్కల్లో ఫస్టు వచ్చే పిల్లవి. కావాలనే తప్పులు రాసింది. రేపు దెబ్బ తగిలినా తేడా కనపడకుండా. నిన్న మళ్ళీ పెడితే అవే మార్కులు వచ్చాయి, డాక్టరు అందుకే బాగుందన్నాడు.”

తువాలు తీసి, నేల మీద పరిచేశాను. నాలుగు మూలలూ.

“చాలు,” అంది కైసు. “ఇప్పుడు నాకు తెలుసు.”

అంటూనే మాస్కు ఇనప జాలీని తలుపుకేసి బాదడం మొదలుపెట్టింది. జాతీయ జట్టు కోచ్, బనీను మీద, జాతీయ జట్టు మాస్కుతో. సున్నం రాలింది. నేను నా ప్లాస్టిక్ పెట్టె ఎత్తి కొట్టాను. ఆర్నో పాటలు అయిపోయాయి కాబట్టి ఈసారి ఎవరికైనా వినపడాలి. వినపడింది. పరుగెత్తుకొస్తున్న స్కేట్ల చప్పుడు, రబ్బరు చాప మీద ధబ ధబ.

తలుపు తెరుచుకుంది. చల్లగాలి ముఖాన కొట్టింది. గుమ్మంలో సెన్ని. ఒంటి నిండా కవచాలు, కాళ్ళకి దిమ్మల్లాంటి ప్యాడ్లు, తల మాత్రం ఖాళీ. జుట్టు చెమటకి నుదుటికి అంటుకుంది.

“కైసూ! నువ్విక్కడున్నావా? అందరూ...” మా అవతారాలు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత కైసు చేతిలో మాస్కు చూసింది. “అదుగో! పిహ్లాది! ఇది దొరక్కపోతేనే తను...”

“తను?”

“నాది తీసుకుంది. నా మాస్కు. అడగను కూడా లేదు, నా తల మీంచే తీసేసుకుంది. నేను పాత మాస్కు ఏదైనా ఉంటుందేమోనని ఇటు వచ్చాను.”

నా ఎత్తు, నా ప్లాను, నా దేవుడు, అన్నీ ఆ పిల్ల ఖాళీ తల మీద కనపడ్డాయి. జట్టుకి ఇద్దరు గోలీలుంటారు. ఇద్దరికీ మాస్కులుంటాయి. ఇరవై ఏళ్ళుగా ఆ బట్టలు ఉతుకుతున్నదాన్ని, అది నాకు తట్టలేదు.

“పిహ్లా ఎక్కడుంది?” అంది కైసు.

“గోల్లో. మొదలైపోతోంది.” సెన్ని కింది పెదవి కొరుక్కుంది. చెప్పాలా వద్దా అని నా వంక చూసింది, కైసు వంక చూసింది. “తను... బాగానే ఉందా? ఐసు మీదికెళ్ళే సొరంగంలో నిలబడ్డప్పుడు నన్ను స్కోరు ఎంత అని అడిగింది. ఆట ఇంకా మొదలవ్వలేదు కదా, జోకు అనుకుని నవ్వాను. ఒక నిమిషం ఆగి మళ్ళీ అడిగింది.”

కైసు చేతిలోంచి రింగు జారి నేల మీద పడింది. దొర్లుకుంటూ గోడ దాకా వెళ్ళి పడుకుంది. ముప్పై ఐదేళ్ళలో మొట్టమొదటిసారి ఆమె దాని కోసం వంగలేదు. బనీను మీదే పరుగెత్తింది. నేను వెనకాలే. వంద అడుగుల నడవా, ఆ చివర వెలుతురు, ఆ వెలుతురులో జనం కేకలు.

విజిల్ మోగింది. కర్రల చప్పుడు. హో అని ఒక అరుపు, ఆగిపోయింది. ఆపిందన్నమాట. నా కూతురు మొదటి రింగు ఆపింది. నా పిచ్చి గుండె ఒక్క క్షణం గర్వపడింది కూడా.

అప్పుడు రెండు వేల గొంతులు, పండగలా, కాళ్ళతో తాళం వేస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాయి.

“ఒకటి!”

కైసు మలుపు తిరిగింది.

“రెండు! మూడు!”

సగం నడవా కూడా దాటలేదు నేను.

“నాలుగు!”

విసిరేయవే. బంగాళాదుంపే అది, విసిరేయి.

“ఐదు!”

ఈసారి ఎవరూ నవ్వలేదు. రెండు వేల మందీ ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో రిఫరీ విజిల్ ఒకటే, ఐసు మీద ఎవరైనా పడిపోతే ఊదేలా, ఆగకుండా, మోగుతూనే ఉంది.